చుక్క తర్వాత సున్నా

చేపలు చచ్చిపోయింది మంగళవారం. చేపలమ్మాయి లైబ్రరీకి వచ్చింది గురువారం. నడుమ బుధవారమంతా ఆ పిల్ల ఎక్కడ కూర్చుని ఏడ్చిందో ఎవరికీ తెలియదు గానీ, లైబ్రేరియన్ బల్ల ముందుకొచ్చి నిలబడేసరికి కళ్ళు ఉబ్బి ఉన్నాయి, గొంతు జీరపోయి ఉంది.

చేపలమ్మాయి అన్నది లైబ్రరీవాళ్ళు పెట్టుకున్న పేరు. ఆ పరిశోధన సంస్థలో చేపల జబ్బుల మీద డాక్టరేట్ చేస్తోంది. రోజంతా తొట్ల దగ్గర పనిచేసి అట్నుంచి అటే చదువుకోడానికి వచ్చేది కాబట్టి ఒంటిమీద నీచువాసన వేసేది. ఆమె కూర్చున్న బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చునేవారు కాదు. అందుకు నొచ్చుకోకపోగా, "బల్లంతా నాకే దొరుకుతుంది కదా మేడమ్" అని నవ్వేది. అలాంటి పిల్ల ఆవేళ నవ్వలేదు.

"ఈ మందు మీద ఇంకేమైనా పాత పేపర్లు ఉంటే ఇస్తారా మేడమ్? నేను ఎక్కడ తప్పు చేశానో తెలుసుకోవాలి."

"ముందు కూర్చో. ఏమైందో చెప్పు."

జరిగింది ఇది. చేపపిల్లల మొప్పల్లో ఒక రకం సన్నపురుగు పడుతుంది. దానికొక మందుంది. లీటరు నీళ్ళకు ఎంత మందు కలిపితే పురుగు చచ్చి చేప బతుకుతుందో నలభై ఏళ్ళ కిందటి ఒక వ్యాసంలో రాసి ఉంది. ఆ మోతాదు ఇప్పటి చేపలకూ పనికొస్తుందా అన్నది చూడటం ఈ అమ్మాయి పని. అయిదు నెలలు పన్నెండు తొట్లలో పిల్లల్ని పెంచింది. మంగళవారం పొద్దున రెండు తొట్లను ఊరికే వదిలి, తక్కిన పదింటిలో వ్యాసంలో చెప్పినట్టే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు కలిపింది. రెండు గంటలు తిరక్కుండా పది తొట్లలోనూ చేపలు వెల్లకిలా తేలాయి. ఆమె పరిశోధన చూసే ప్రొఫెసరు వచ్చి, తొట్లవంక ఒకసారి, ఆమెవంక ఒకసారి చూసి, "తూకం కూడా చేతకాకపోతే ఎలాగమ్మా" అని వెళ్ళిపోయాడు.

"మూడుసార్లు తూచాను మేడమ్. నోటుబుక్కులో మూడు తూకాలూ ఉన్నాయి. అయినా సార్ అంతలా అంటున్నారంటే, నా కళ్ళే మోసం చేశాయేమో అనిపిస్తోంది."

లైబ్రేరియన్‌కు ఆ గదిలో ఇరవై ఆరేళ్ళ సర్వీసు. మాట మెత్తన, లోపల కుంపటి. ఒకప్పుడు ఏ కొత్త పని మొదలుపెట్టాలన్నా పరిశోధకులు ముందుగా ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఇప్పుడు ఎవరి బల్ల మీద వాళ్ళకే అన్నీ దొరుకుతున్నాయి. లైబ్రరీ అంటే పాస్‌వర్డు మర్చిపోయినవాళ్ళు వచ్చే చోటుగా మారిపోయింది. అందుకే ఎవరైనా ఒక అసలైన ప్రశ్నతో వస్తే, ఆవిడకు ఆకలి వేసినవాడికి విస్తరి కనిపించినట్టు ఉండేది.

వెతకడం మొదలుపెట్టింది. ఆ మోతాదును పేర్కొన్న వ్యాసాలు నలభై ఒకటి తేలాయి. అది కాక మందుల మోతాదులన్నీ ఒకచోట పోగుచేసిన ఒక పెద్ద ఆన్‌లైన్ చిట్టా ఉంది. ప్రొఫెసరు తన విద్యార్థులందరినీ వాడమని చెప్పేది దాన్నే. దాంట్లోనూ 0.5 అనే ఉంది. చూడబోతే లోకమంతా ఒకే మాట మీద ఉన్నట్టుంది. అయితే ఒక్కొక్కటీ తెరిచి కింది సూచికలు చదువుతూ పోతే సంగతి వేరు. నలభై ఒకటీ ఆ ఒక్క పాత వ్యాసంవైపే వేలు చూపిస్తున్నాయి. వాటిలో ఒక్కదాంట్లోనూ ఎవరూ ఒక చేపను ఆ మందు నీళ్ళలో వేసి చూసిన పాపాన పోలేదు. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నారు.

పాత వ్యాసం తెరిచింది. అది అచ్చయిన జర్నల్ ఒక చిన్న శాస్త్రజ్ఞుల సంఘానిది. సంఘం మూతపడ్డాక ఒక పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని కొనుక్కుంది. పాత సంచికలు స్కాన్ చేసి, యంత్రంతో చదివించి, అక్షరాలు కొత్తగా పేర్చి వెబ్‌సైటులో పెట్టింది. పాత పేజీల బొమ్మలు మాత్రం పెట్టలేదు. పట్టికలో ఒక్కో వరుస విడివిడిగా తెరుచుకుంటుంది. లైబ్రేరియన్ విసుగుపడి వరుసలన్నీ ఒక కాగితం మీద ఎక్కించుకుంది.

0.01. 0.02. 0.5. 0.08.

"ఇదేంటి?" అంది పైకే. "మెట్లెక్కుతూ ఎక్కుతూ మధ్యలో మేడ మీదికి దూకి, మళ్ళీ కిందికి దిగడమేంటి?"

చేపలమ్మాయి ఆ కాగితం వంక చూసింది. ఫోనులో ఒక్కో వరుసా చూసినప్పుడు కనిపించనిది ఒకదాని కింద ఒకటి రాస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఆ పిల్ల ముఖంలో రంగు మారింది. "చుక్క తర్వాత సున్నా ఉండాలా మేడమ్?"

"అనుకుంటే చాలదు. అచ్చయిన పేజీ చూడాలి."

అచ్చు సంపుటాలు లైబ్రరీలో లేవు. మూడేళ్ళ కిందట జాగా చాలడం లేదని వాటిని ఊరి చివర ఉమ్మడి గోదాముకు తరలించారు. కావలసినది కంప్యూటరులో అడిగితే మర్నాటికి వస్తుందని అప్పట్లో చెప్పారు. ఆవిడ అడిగింది. అర నిమిషంలో జవాబు వచ్చింది: ఎలక్ట్రానిక్ ప్రతి అందుబాటులో ఉన్నందున ముద్రిత ప్రతి ఇవ్వబడదు. ఎలక్ట్రానిక్ ప్రతే తప్పని చెబుదామంటే, కారణం రాసేందుకు నాలుగే గడులు ఉన్నాయి. ప్రతి తెరుచుకోవడం లేదు, పేజీ లేదు, బొమ్మ మసకగా ఉంది, ఇతరములు. 'ఇతరములు' నొక్కితే మళ్ళీ మొదటికే తీసుకుపోయింది. గానుగెద్దులా నాలుగుసార్లు తిరిగి, కుర్చీ వెనక్కి తోసి లేచింది.

ఆ సాయంత్రం ఇంట్లో టీ తాగుతూ ఈ గొడవంతా ఆడపడుచుకు చెప్పింది. ఆడపడుచు ఆసుపత్రిలో మందులిచ్చే ఫార్మసిస్టు. పక్క వాటాలో ఉంటుంది, డ్యూటీ దిగగానే వదినగారి వంటింట్లో తేలుతుంది. నోరు జాస్తి, మనసు మంచిది.

"సున్నా అంటే విలువ లేనిదనే కదా వదినా అందరూ అనుకునేది," అంది ఆవిడ. "మా దగ్గరికొచ్చి చూడమను. ఒక సున్నా జారిందంటే మనిషే జారిపోతాడు. ఆ చీటీ రాసింది ఎంత పెద్ద డాక్టరైనా సరే, నాకు అనుమానం వస్తే మందివ్వను, తిట్టుకుంటే తిట్టుకోనీ."

"నీకు కనీసం ఫోను చేస్తే పలికే డాక్టరు ఉన్నాడు. నాకు పలికేవాళ్ళే లేరు."

"గోదాము ఎక్కడికీ పారిపోలేదు కదా. ఎల్లుండి శనివారమేగా. వెళ్ళు."

అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న భర్త, "శనివారం పూట కూడానా" అన్నాడు. వదినామరదళ్ళు ఇద్దరూ ఒకేసారి చూసిన చూపుకు మళ్ళీ పేపరులోకి తల దూర్చేశాడు.

శనివారం రెండు బస్సులు మారి వెళ్ళింది. గోదాములో మూడంతస్తుల ఎత్తు ఇనుప అరలు, వాటి నిండా బూడిదరంగు పెట్టెలు. మనుషులు నడిచే దారి లేదు. పట్టాల మీద తిరిగే యంత్రం ఒకటి పెట్టెలు దించి తెచ్చి పెడుతుంది. దాని ముందు కంప్యూటరు పెట్టుకుని ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. గోదాముకు కాపలాదారూ గుమాస్తా ఆయనే.

"సిస్టమ్ ఒప్పుకోవట్లేదండీ," అన్నాడు అంతా విని. "చూడండి, మీ ముందే నొక్కుతున్నా. ఎర్రగా వచ్చేస్తోంది."

"అది నలభై అడుగుల దూరంలో ఉందండీ. నేను తీసుకుపోతాననడం లేదు, ఎత్తుకుపోవడం లేదు. ఒక్క పేజీ చూస్తాను."

"నాకర్థమైందమ్మా. దీనికర్థం కావాలి కదా." అని కంప్యూటరు వైపు గడ్డం ఎగరేశాడు.

ఆవిడ అరల్లోని పెట్టెల వంక చూసింది. తర్వాత ఉన్నట్టుండి, "పెట్టెకు ఎన్ని సంపుటాలు పడతాయి?" అని అడిగింది.

"ఆరో ఏడో."

"ఆ జర్నల్‌కు అయిదేళ్ళకొకసారి విషయసూచిక సంపుటం వేసేవారు. దాన్ని ఎవరూ స్కాన్ చేసి ఉండరు. అది తెప్పించండి."

గోదాము మనిషి టైపు చేశాడు. పచ్చగా వచ్చింది. ఆయన కళ్ళజోడు పైనుంచి ఆవిడ వంక చూశాడు. యంత్రం గరగరమంటూ కదిలి వెళ్ళి, ఒక పెట్టె తెచ్చి దించింది. విషయసూచిక పక్కనే, నీలిరంగు అట్టతో, ఆవిడకు కావలసిన ఏడాది సంపుటం ఉంది.

"మీరు అడిగింది పెట్టెలో ఉందా, చూసుకోండి," అన్నాడు ఆయన. "పక్కన ఇంకేం ఉన్నాయో చూడటం నా డ్యూటీలో లేదు. నేను టీ తాగొస్తా."

మూడువందల పన్నెండో పేజీ. పట్టిక. మూడో వరుసలో 0.05. చుక్క తర్వాతి సున్నా అరిగిపోయిన ముద్రతో, పైభాగం మాత్రం పడి, చిన్న గోరుగాటులా ఉంది. మనిషి కంటికి అది సున్నాయే. యంత్రానికి మచ్చ. పట్టిక కిందనే ఒక వాక్యం: దీనికి పదింతల మోతాదులో చేపలన్నీ రెండు గంటలలోపు మరణించినవి.

ఆ వాక్యం ఆవిడ రెండుసార్లు చదివి, మూలనున్న జిరాక్సు మీద పేజీ నకలు తీసుకుంది. తర్వాత అక్కడి నుంచే చేపలమ్మాయికి ఫోను చేసింది.

"నువ్వు తప్పు తూచలేదమ్మా. పదింతలు వేస్తే రెండు గంటల్లో చస్తాయని వాళ్ళే రాశారు. నీకూ రెండు గంటలే పట్టింది. నీ త్రాసంత నిక్కచ్చిగా ఇంకేదీ లేదు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. అంతే.

సోమవారం ఇద్దరూ కలిసి ఆ పేజీ నకలు తీసుకుని ప్రొఫెసరు గదికి వెళ్ళారు. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, బల్ల మీద పెట్టి, "అయితే ఈ అమ్మాయి ముందే సరిచూసుకోవలసింది," అన్నాడు.

లైబ్రేరియన్ చెవులు వేడెక్కాయి. "ఆ చిట్టా వాడమన్నది మీరే కదండీ."

"వాడమన్నాను. నమ్మమన్నానా?"

ఆ మాటకు జవాబు ఆవిడకు వరండాలోకి వచ్చాక తోచింది గానీ అప్పటికే తలుపు మూసుకుంది.

ఇక మిగిలింది తప్పును దిద్దించడం. అదేమంత పని అనుకుంది మొదట. ఒక సున్నా పెట్టమంటే పెట్టరా? ప్రచురణ సంస్థ వెబ్‌సైటులో సహాయం కోసం నొక్కితే ఒక యంత్రం పలికింది. మీ ప్రశ్న మాకెంతో విలువైనది, అంది. పట్టికలో తప్పుందని రాస్తే, చందా కట్టే విధానం వివరించింది. మనిషితో మాట్లాడాలని రాస్తే, మీరు మనిషేనని ముందు నిరూపించుకోండి అంది. పదకొండు రోజులకు ఈమెయిలు వచ్చింది. సవరణ కోరే హక్కు రచయితలకు మాత్రమే ఉంది, లైబ్రరీలకు లేదు. చిట్టావాళ్ళకు రాస్తే, మేము ప్రచురణ సంస్థలో ఉన్నదే ఎక్కిస్తాం, వాళ్ళు మారిస్తే మేమూ మారుస్తాం అన్నారు. తిలాపాపం తలా పిడికెడు అన్నమాట. ఎవరి పిడికెడు వాళ్ళు పక్కవాడి గుప్పిట్లో పోసి చేతులు దులుపుకుంటున్నారు.

వ్యాసం రాసినవాళ్ళు ఇద్దరు. మొదటాయన పోయి పద్నాలుగేళ్ళయింది. రెండో పేరు ఒక స్త్రీది. వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఒక చేపపిల్లల కేంద్రం పేరుంది. అక్కడికి ఫోను చేస్తే, వాళ్ళ రిటైర్డు మేనేజరు నంబరిచ్చారు, ఆయనకు చేస్తే, "ఆవిడా? బాగానే ఉందండీ. కూతురి దగ్గర ఉంటోంది. పోయిన నెలే మా మనవరాలికి లెక్కల్లో తప్పులు పట్టింది," అని చిరునామా చెప్పాడు. రైల్లో రెండు గంటల ప్రయాణం. చేపలమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళింది.

పెద్దావిడకు ఎనభై మూడేళ్ళు. చెవులు కాస్త మందం, చూపు చురుకు. పేజీ నకలు చూడగానే వేలు తిన్నగా ఆ సున్నా మీదికే వెళ్ళింది.

"ఆ ప్రెస్సులో సున్నాలు అరిగిపోయి ఉండేవి. మార్పించమని మా సార్ ఎన్నిసార్లు చెప్పాడో. ప్రూఫులో దీనికి నేనే చుట్టూ గీత గీసి పంపాను. దిద్దలేదు సన్నాసులు." తర్వాత చేపలమ్మాయి వైపు తిరిగింది. "ఎన్ని చచ్చాయి?"

"పది తొట్లండీ. ఆరువందలు."

"మావి మూడొందలు పోయాయి ఆ రోజు. నేను రెండ్రోజులు అన్నం తినలేదు. చచ్చినవాటిని పారేశావా, కొలిచావా?"

"కొలిచాను. బరువు, పొడుగు, మొప్పల రంగు. అన్నీ రాశాను."

"మంచిదానివి," అంది పెద్దావిడ.

ప్రచురణ సంస్థ వెబ్‌సైటులో సవరణ దరఖాస్తు నింపడానికి కూర్చున్నారు. రచయితకు తన సంస్థ ఇచ్చిన ఈమెయిలు తప్పనిసరి అంది. ఆవిడ పనిచేసిన సంస్థకు ఈ పాతికేళ్ళలో రెండుసార్లు పేరు మారింది, ఆవిడ ఉన్నరోజుల్లో ఈమెయిలే లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, రచయిత ఎదురుగా కూర్చుని ఉన్నా దరఖాస్తుకు రచయిత దొరకలేదు. ఆ పూటకు వెనక్కి వచ్చేశారు. లైబ్రేరియన్లకు లైబ్రేరియన్లే దిక్కు. ఆ సంస్థ లైబ్రేరియన్‌ను బతిమాలితే, ఆయన వాళ్ళ ఆఫీసు చుట్టూ నాలుగురోజులు తిరిగి పెద్దావిడ పేర ఒక ఈమెయిలు సృష్టించాడు. మళ్ళీ రైలెక్కారు. ఈసారి రహస్య అంకె ఒకటి కూతురి ఫోనుకు వెళ్ళింది. కూతురు ఆఫీసు మీటింగులో ఉంది. ఆమె చూసి చెప్పేలోగా అంకెకు కాలం చెల్లింది. మూడోసారికి అది కుదిరాక, పడవలున్న గడులన్నీ నొక్కమని తొమ్మిది బొమ్మలు వచ్చాయి.

"అది పడవ కాదు, దోనె," అంది పెద్దావిడ.

"అదే అమ్మా, నొక్కేయండి."

"దోనెను పడవని ఎలా నొక్కుతానమ్మా? తప్పు దిద్దడానికి వచ్చి ఇంకో తప్పు చేయమంటావా?"

చేపలమ్మాయి చెయ్యి చాపి తనే నొక్కింది. దరఖాస్తు వెళ్ళింది.

ఆరు వారాలకు జవాబు. మీరు చెప్పేది అధికారిక ప్రతితో సరిపోవడం లేదు, ఆధారం జతచేయండి. అధికారిక ప్రతి అంటే ఏది అని అడిగితే, మా వెబ్‌సైటులో ఉన్నదే అన్నారు. తప్పుకు సాక్ష్యం తప్పునే అడిగినట్టుంది. లైబ్రేరియన్ పళ్ళు బిగించి, మూడువందల పన్నెండో పేజీ స్కాన్ చేసి, లైబ్రరీ ఖాతా నుంచి వాళ్ళు చెప్పిన చోటే ఎక్కించింది.

మర్నాడు పొద్దున పదిగంటలకు పరిశోధన సంస్థ మొత్తానికి ఆ ప్రచురణ సంస్థ జర్నళ్ళన్నీ ఆగిపోయాయి. ఫోన్లే ఫోన్లు. రసాయన శాస్త్రంవాళ్ళు, మొక్కలవాళ్ళు, నేలలవాళ్ళు, అందరూ లైబ్రరీ మీద పడ్డారు. మధ్యాహ్నానికి కారణం తెలిసింది. కాపీహక్కు ఉన్న పేజీని అనుమతి లేకుండా ఎక్కించినందుకు వాళ్ళ యంత్రం లైబ్రరీ ఖాతాను తనంతట తానే మూసేసింది.

డైరెక్టరు పిలిపించాడు. కూర్చోమనలేదు.

"నాలుగొందల మంది పని ఆగిపోయిందండీ, మీవల్ల. ఆ పేజీ ఎక్కించమని మీకెవరు చెప్పారు?"

"వాళ్ళే చెప్పారు సార్. ఆధారం అడిగారు."

"అడిగితే ఇచ్చేయడమేనా? పైనుంచి అనుమతి తీసుకోవద్దా? ఒక్క అంకె కోసం ఇంత రాద్ధాంతమా?"

అప్పటిదాకా అణిచిపెట్టుకున్నదంతా గొంతు దాకా వచ్చింది. "ఒక్క అంకె అనకండి సార్. ఆ అంకె చూసి చేపల చెరువులవాళ్ళు మందు కలుపుతారు. నేను గట్టిగా అరవట్లేదు, అరవాలని మాత్రం ఉంది. మూడు నెలలుగా ఒక్క మనిషి నాతో మాట్లాడలేదు. అందరూ యంత్రాలనే పంపుతున్నారు. కనీసం మీరైనా ఈ పేజీ చూడండి."

డైరెక్టరు చూడలేదు. ఇకమీదట ప్రచురణ సంస్థలతో ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఆఫీసు ద్వారానే జరగాలని ఒక మెమో ఇచ్చాడు. ఆవిడ దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, గదికి వచ్చి, తలుపు వేసుకుని, ఎదురుగా ఉన్న ఖాళీ అట్టపెట్టెను కాలితో ఒక్క తన్ను తన్నింది. బొటనవేలు వాచింది.

"పెట్టెలో ఏమైనా ఉందేమో చూసి తన్నాల్సింది వదినా," అంది ఆడపడుచు ఆ సాయంత్రం వేలికి మందు రాస్తూ. తర్వాత కాస్త మెల్లగా, "వదిలేయకు. నువ్వు వదిలేస్తే నీతో వేగలేం," అంది.

రెండురోజులకు జర్నళ్ళు తెరుచుకున్నాయి. దిద్దుబాటు ఇంకో నాలుగు నెలలకు వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ, వ్యాసంలో కాదు. వ్యాసంలో 0.5 అలాగే ఉంది. దాని కింద సన్నని అక్షరాల్లో ఒక లింకు. అది నొక్కితే వేరే పేజీ. ఆ పేజీ చందా ఉన్నవాళ్ళకే తెరుచుకుంటుంది. అందులో ఒక్క వాక్యం. తప్పు ఎవరిదో రాయలేదు. పెద్దావిడకు చదివి వినిపిస్తే, "గోడమీద రాయాల్సింది గోడ వెనకాల రాశారు," అంది.

ఆ మధ్యలో చేపలమ్మాయి కొత్త పిల్లల్ని పెంచి, 0.05తో మళ్ళీ ప్రయోగం చేసింది. పురుగు చచ్చింది, చేపలు బతికాయి. డాక్టరేట్ మాత్రం ఒక ఏడాది వెనక్కి పోయింది. మొదటి పది తొట్ల సంగతి థీసిస్‌లో వద్దన్నాడు ప్రొఫెసరు. "చచ్చినవి కూడా ఫలితమే సార్," అంది ఆ పిల్ల. ఎప్పుడూ ఎదురుచెప్పని పిల్ల అలా అనేసరికి ఆయన తలగోక్కుని, సరే అనుబంధంలో పెట్టుకో అన్నాడు. క్షమాపణ అన్నది ఆయన నోట ఆరోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

లైబ్రేరియన్ చేతిలో పూర్తిగా ఉన్నది ఒక్కటే, తన లైబ్రరీ కేటలాగు. అందులో ఒక మాట చేర్చడానికి ఎవరి మెమో అడ్డురాదు. ఆ జర్నల్ పేరు కింద అందరికీ కనిపించేలా రాసింది: ఈ సంపుటం 312వ పేజీలో మోతాదు 0.05. ఆన్‌లైన్ ప్రతిలోని 0.5 తప్పు. ఆ మోతాదుకు చేపలు చస్తాయి. సందేహముంటే ఈ నంబరుకు ఫోను చేయండి. కేటలాగు మాటలు ఒక లైబ్రరీ నుంచి ఇంకో లైబ్రరీ దించుకోవడం మామూలే. ఏడాది తిరిగేసరికి పంతొమ్మిది లైబ్రరీల కేటలాగుల్లో ఆ మాట చేరింది, ఆవిడ ఫోను నంబరుతో సహా. ఆ నలభై ఒక్క వ్యాసాల రచయితలకూ విడివిడిగా ఉత్తరాలు రాసింది. తొమ్మిది జవాబులొచ్చాయి. ఇద్దరు కృతజ్ఞతలు చెప్పారు. ఒకాయన తన వ్యాసం దిద్దించుకున్నాడు. ముగ్గురు వాదించారు. మిగతావాళ్ళు, ప్రచురణ సంస్థ వ్యాసంలో మారిస్తే అప్పుడు చూద్దామన్నారు. చిట్టాలో ఇప్పటికీ 0.5 అనే ఉంది. ఆవిడ ప్రతి నెలా ఒకటో తారీకున వాళ్ళకొక ఈమెయిలు పంపుతుంది. ప్రతి నెలా రెండో తారీకున, మీ సూచన అందింది అని జవాబు వస్తుంది.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఎక్కడో చేపపిల్లల కేంద్రంలో పనిచేసే మనిషట. వాళ్ళ ఊరి కాలేజీ లైబ్రరీలో ఈ మాట చూశాడట.

"మేడమ్, రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. ఏది వేయాలి?"

"సున్నా, చుక్క, సున్నా, అయిదు. రాసుకున్నారా? ఒకసారి మీరు నాకు చెప్పండి."

అతను చెప్పాడు. సరిగానే చెప్పాడు. తర్వాత కాస్త మొహమాటపడుతూ, "మా మేనేజరు ఫోనులో విన్నది ఒప్పుకోడండీ. నెట్‌లో చూపించమంటాడు. ఎక్కడుందో చెబుతారా?" అన్నాడు.

ఆవిడ చెప్పింది. వ్యాసం తెరవాలి, కిందికి పోవాలి, సన్నక్షరాల లింకు నొక్కాలి. అవతల టకటక మీటలు నొక్కిన చప్పుడు.

"పాస్‌వర్డు అడుగుతోంది మేడమ్."

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఒక్క క్షణం ఫోను చెవికి దూరంగా పట్టుకుంది.

"మీ అడ్రసు చెప్పండి బాబూ. పేజీ నకలు పోస్టులో పంపుతాను. ఎల్లుండికి అందుతుంది. అప్పటిదాకా తొట్లలో ఏమీ కలపకండి."

అతను చెబుతుంటే ఒక కవరు ముందుకు లాక్కుని, పెన్ను మూత తీసి రాసుకోసాగింది.